రెండు చప్పుళ్లు

"నేను ఎక్కను. కావాలంటే ఆ జోళ్లు నువ్వే వేసుకుని ఎక్కు," అన్నాడు ఒనొరే.

మేయరు ఫెర్నాన్ చేతిలో కొత్త కర్రజోళ్ల జత ఉంది. ఊరి సభామందిరంలో బెంచీలన్నీ నిండిపోయాయి. జర్మన్ల చేతిలో ఉన్న నార్మండీ తీరాన అమెరికా సైన్యం దిగి ఇవాళ్టికి ఇరవై ఏళ్లు. ఆ దండయాత్ర మీద తీసిన సినిమా వేస్తున్నారు. అందులో ఒక ముక్క ఈ ఊరిది, ఒనొరే ఇంటిది.

"పరువు తియ్యకు బావా. సినిమా అవ్వగానే వేదికెక్కు, రెండుసార్లు జోళ్లు తట్టు, దిగిపో. నువ్వు కాపాడిన మనిషి సముద్రం దాటి వచ్చాడు. నువ్వేమో కొత్త పెళ్లికూతురిలా మూల వెతుక్కుంటున్నావు."

"నాకు కర్రజోళ్లు పడవు. నీకు తెలుసు."

"ఎందుకు తెలీదు? తోలుబూట్లతో పేడ తొక్కే రైతు ఈ చుట్టుపక్కల నువ్వొక్కడివే. ఈ పూటకి ఓర్చుకో. మా అక్క బతికుంటే ఎంత మురిసిపోయేదో."

ఫెర్నాన్ ఆ జోళ్లు ఒనొరే ఒళ్లో పడేసి వెళ్లిపోయాడు. దీపాలు ఆర్పేశారు.

తెర మీద పెరట్లో పియర్ చెట్టు. దాని కొమ్మల్లో పారాచూటు చిక్కుకుని ఒక సైనికుడు వేలాడుతున్నాడు. కాలు విరిగి మూలుగుతున్నాడు. చీకట్లో ఎవరో వస్తున్న అలికిడి. నొక్కితే టిక్కుమనే రేకు బిళ్ల ఒకటి సైనికుడి దగ్గర ఉంది; దాన్ని ఒకసారి నొక్కాడు. బదులుగా సరిగ్గా రెండు చప్పుళ్లు వస్తే మనవాడు, రాకపోతే కాల్చెయ్యాలి. అదీ వాళ్ల ఏర్పాటు. వచ్చేవాడు రైతు. చేతిలో సైడర్ అనే ఆపిల్ కల్లు కూజా. పాపం, అతనికి ఈ ఏర్పాటు సంగతేం తెలుసు? కానీ టిక్కుమనగానే ఉలిక్కిపడి ఆగాడు. ఆగి, కర్రజోళ్లు రాళ్లకేసి తట్టాడు. టక్, టక్. సైనికుడు తుపాకీ దించాడు.

హాలంతా చప్పట్లు. "మన ఒనొరే కంటే బాగానే ఉన్నాడే ఈ నటుడు," అని ఎవరో అంటే అందరూ నవ్వారు.

ఒనొరేకి మాత్రం ఎక్కడైనా గొయ్యి తవ్వుకుని దూరాలనిపించింది. ఈ కథ సినిమావాళ్లకి ఎవరు చెప్పారో అతనికి తెలియదు. సినిమా మొదటిసారి వచ్చిన రోజు ఊరంతా వచ్చి చేతులు పట్టుకున్నారు. నేను కాదర్రా అని మర్నాడు చెబుదామనుకున్నాడు. ఆ మర్నాడు ఇంతవరకూ రాలేదు. చెయ్యని మంచిపనికి పొగడ్త తింటుంటే ముద్ద దిగేది కాదు.

దీపాలు వెలిగేలోగా జోళ్లు చంకలో పెట్టుకుని వెనక గుమ్మంలోంచి జారుకున్నాడు. బయట సైడర్ పీపాల పక్కన అప్పటికే ఎవరో నిలబడి ఉన్నారు. పొడుగాటి మనిషి, చేతిలో టోపీ, ఒక కాలు కాస్త వంకర.

"ఒనొరే గారా?" అన్నాడు. పుస్తకం చూసి నేర్చుకున్న ఫ్రెంచి, మాట మాటకీ మధ్య ఆగుతున్నాడు. "నా పేరు హాలిస్. ఆ చెట్టు మీద ఉన్నది నేనే."

"సినిమా చూడలేదా?"

"సగంలో లేచి వచ్చేశాను."

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేననిపించింది ఒనొరేకి. "బాబూ, పొరపాటు జరిగింది. ఆ రాత్రి వచ్చింది నేను కాదు."

"తెలుసు," అన్నాడు హాలిస్.

ఒనొరే ఆ మాట వినిపించుకునే స్థితిలో లేడు. "నువ్వు మూలుగుతూనే ఉన్నావు. జర్మన్లు చూస్తే కొంప తగలబెడతారని నేను దుప్పటి ముసుగు తియ్యలేదు. మా ఆవిడ క్లోతిల్ద్ నన్ను నానా మాటలూ అని, కూజా నింపుకుని తనే బయల్దేరింది. వాన పడింది, రాళ్లు చల్లగా ఉంటాయి, జోళ్లు వేసుకెళ్లు అన్నాను. నేను చేసిన సాయం అదొక్కటే, అదీ మంచం మీంచి. జర్మన్లు పెరట్లోనే కాల్చేశారు దాన్ని. ఆవును చూడ్డానికి వెళ్లిందని ఊరికి అబద్ధం చెప్పాను. నేను వెళ్లుంటే అది బతికేది. ఈ సినిమా కథ అల్లినవాడెవడో గాని, నా గుండెల మీద రాయి పెట్టాడు."

"అల్లింది నేనే."

లోపల ఫెర్నాన్ ఇద్దరినీ పేరు పెట్టి పిలుస్తున్నాడు. జనం నేల మీద కాళ్లు తడుతున్నారు. టక్, టక్. టక్, టక్.

"నీ దగ్గరకి ఎవరైనా వచ్చారా అని సినిమావాళ్లు అడిగారు," అన్నాడు హాలిస్. "ఆడమనిషి అనడానికి నోరు రాలేదు. మగవాడన్నాను. ఆగాడన్నాను. రెండుసార్లు తట్టాడన్నాను."

"ఎందుకయ్యా అంత అబద్ధం?"

హాలిస్ గోడకి ఆనుకున్నాడు. అతని చేతిలో టోపీ నలిగిపోతోంది.

"ఇది మీకు చెప్పడానికే మీ భాష నేర్చుకున్నాను. ఆ పెరట్లో జర్మన్లు ఎవరూ లేరు, ఒనొరే గారూ. నేను ఒకసారి నొక్కాను. రాళ్ల మీద ఆవిడ జోళ్లు రెండుసార్లు చప్పుడు చేశాయి. హమ్మయ్య అనుకుని తుపాకీ దించబోయాను. అప్పుడు ఆ జోళ్లదే మూడో చప్పుడు వినిపించింది."