జారిన తలకట్లు

"టీసీ ఇచ్చెయ్యండి. ఇప్పుడే, ఇక్కడే!"

మెకానిక్ ఒక నోటు పుస్తకాన్ని పెద్ద టీచరు బల్ల మీద ఠపీమని కొట్టాడు. బల్ల మీద గంట కూడా ఉలిక్కిపడి ఒకసారి మోగింది. ఆయన వెనక భార్య, ఆమె చెయ్యి పట్టుకుని నాలుగో తరగతి చదివే కూతురు నిలబడ్డారు.

"ముందు కూర్చోండి. ఏమైంది?"

"కూర్చోడానికి రాలేదండీ. నాలుగో తరగతి పిల్లని రోజూ తీసుకెళ్ళి ఒకటో తరగతిలో కూర్చోబెడుతున్నారట! నిన్న బండి బాగుచేయించుకోడానికి వచ్చినాయన చెప్పాడు. 'మీ పాప మా బుడ్డోడి పక్కనే కూర్చుంటుందటగా' అని పళ్ళికిలించాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్ళి దీని సంచీ వెతికితే ఈ భాగోతం బయటపడింది."

పెద్ద టీచరు పుస్తకం తెరిచింది. అ, ఆ దగ్గర మొదలుపెట్టి పేజీల నిండా అక్షరాలు. కొన్ని గీత కిందకి దిగాయి, కొన్ని పక్క అక్షరం మీదకెక్కాయి. ప్రతి పేజీ చివరా ఎర్ర పెన్సిలుతో ఒక నక్షత్రం.

"ముత్యాల్లా రాసే పిల్లండీ! ఆ తలకట్లు చూడండి, టోపీలు జారినట్టు అన్నీ ఒకే పక్కకి వాలిపోయాయి. నాలుగేళ్ళ చదువు గంగలో కలిపారు!"

నిజమే. పోయిన వారం నాలుగో తరగతి వాళ్ళు గీసిన బడి మ్యాపు ఎదురుగా గోడ మీదే ఉంది. నీళ్ళ కుళాయి, మెట్లు, వంటగది, అన్ని పేర్లూ ఈ పిల్ల చేత్తో రాసినవే. అచ్చు వేసినట్టున్నాయి. పెద్ద టీచరు మ్యాపు చూసింది, పుస్తకం చూసింది. ఒకటో తరగతి టీచరుకి కబురు పెట్టింది.

ఆ టీచరు చేతులకంటిన ఇసుక దులుపుకుంటూ వచ్చింది. పళ్ళెంలో ఇసుక పోసి పిల్లల చేత అక్షరాలు దిద్దించే పనిలో ఉందప్పుడు.

"నేను పిలవలేదండీ. చివరి పీరియడ్‌లో తన పని ముందే ముగించేసి, వాళ్ళ టీచర్ని అడిగి తనే వస్తుంది. వెనక కూర్చుని చూస్తుంది. 'తప్పు రాస్తే తిడతారా టీచర్?' అని ఒకటే అడుగుతుంది."

"చూశారా! హడిలిపోయింది పిల్ల!"

"నేనెవర్నీ తిట్టను బాబూ. " బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకంలోకి తొంగిచూసింది. "అయినా ఈ నక్షత్రాలు నావి కావు. నేను పువ్వు ముద్ర వేస్తాను."

"మీవి కాకపోతే ఆకాశం నుంచి రాలాయా?"

పెద్ద టీచరు పిల్ల వైపు తిరిగింది. ఇంట్లోనూ బడిలోనూ అందరూ ఆ పిల్లని చిలక అనే పిలుస్తారు. మాట్లాడ్డం మొదలుపెడితే ఆపడానికి గంట కొట్టాల్సిందే. అలాంటిది ఆ రోజు తల్లి కొంగు చాటుకి జరిగింది.

"చిలకా, నువ్వు చెప్పమ్మా. ఎందుకెళ్తున్నావు?"

చిలక తల్లి వైపు చూసింది. తల్లి నేల వైపు చూసింది.

"చెప్పదండీ. రాత్రి నేను అడిగినా ఏడ్చిందే గానీ చెప్పలేదు. రేపట్నుంచి వేరే బడికి పంపుతా. రెండు బస్సులు మారాలి, మారనీ!"

"నేను వెళ్ళను నాన్నా," అంది చిలక. మొహం తల్లి కొంగులో దాచుకోవడంతో ఆ మాట ఎవరికీ సరిగ్గా వినపడలేదు.

చేసేదేం లేక పెద్ద టీచరు ఫారం తీసింది. "తల్లీ తండ్రీ ఇద్దరూ ఒప్పుకుంటేనే ఇస్తాం. ఇక్కడ మీరు, ఇక్కడ ఆవిడ."

మెకానిక్ బర్రున సంతకం గీకేశాడు. పెద్ద టీచరు పాత రిజిస్టరు తిరగేసింది. చిలకని బడిలో వేసిన రోజు తండ్రి సంతకం పక్కన తల్లిది నీలం వేలిముద్ర ఉంది. సొరుగులోంచి స్టాంపు ప్యాడ్ తీసి మూత తెరిచింది.

"అమ్మా, మీరేమంటారు?"

"దాన్ని అడుగుతారేంటండీ? వేలిముద్ర మనిషి. చదువు సంగతి దానికేం తెలుసు? ఊఁ, వెయ్యవే!"

ఆమె ముందుకొచ్చింది. స్టాంపు ప్యాడ్‌ని పక్కకి జరిపింది. భర్త బల్ల మీద పడేసిన పెన్ను తీసుకుని, ఫారం మీదకి వంగింది. పెన్ను మరీ గట్టిగా పట్టుకోవడంతో వేళ్ళు తెల్లబడ్డాయి. ఒక్కో అక్షరానికీ ఆగి ఊపిరి తీసుకుంటోంది. బయట మూడో తరగతి పిల్లలు టేపు పట్టి వరండా కొలుస్తున్నారు. "పద్నాలుగు... పదిహేను..." అని అరుపులు.

"ఏం గీస్తున్నావే అంతసేపు?"

ఆమె రాయడం అయ్యాక పెన్ను పెట్టేసి, ఫారాన్ని పెద్ద టీచరు వైపు తిప్పింది. పెద్ద టీచరు పైకే చదివింది.

"నేను ఒప్పుకోను. చిలక అమ్మ."

మెకానిక్ ఫారం లాక్కుని చూశాడు. బల్ల మీది పుస్తకం చూశాడు. మళ్ళీ ఫారం చూశాడు. రెండింటిలోనూ తలకట్లు ఒకే పక్కకి వాలి ఉన్నాయి.

చిలక పరుగున వచ్చి తల్లికీ తండ్రికీ మధ్య నిలబడింది.

"అమ్మని తిట్టకు నాన్నా! తలకట్లు నేనే ఇంకా సరిగ్గా నేర్పలేదు."