నాలుగు డబ్బీలు

"మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు డాక్టరమ్మా. మా ముందర పంది మాట ఎట్లంటాండారు?"

వీరభద్రయ్య గొంతు పెంచలేదు. డోన్ బజారులో ముప్ఫై ఏళ్లుగా కిరాణా అంగడి నడుపుతున్న మనిషి. ఎవరి మీదా గొంతు పెంచడు. పక్కన భార్య కన్యకమ్మ ఉంది. ఇద్దరి మధ్యలో పదో తరగతి చదివే కూతురు శ్రీవాసవి తల వంచుకుని కూర్చుంది. బడిలో ప్రార్థన జరుగుతుండగా ఆ పిల్ల ఫిట్సు వచ్చి పడిపోయి అప్పటికి వారం.

కర్నూలులో పేరున్న డాక్టరు ఏసుమణి. స్కాను ఫిల్మును వెలుతురుకు పట్టి, ఒక తెల్లచుక్క మీద వేలు పెట్టింది.

"మీ పాప తినిందని నేను అనలేదయ్యా. సరిగా ఉడకని పంది మాంసం తిన్నవాళ్ల కడుపులో పెద్ద పురుగు పెరుగుతుంది. వాళ్లకు నొప్పి ఉండదు, ఏమీ తెలీదు. దాని గుడ్లు దొడ్డికి పోయినప్పుడు బయటపడతాయి. ఆ మనిషి చేతులు సరిగా కడుక్కోకుండా అన్నం ముట్టుకుంటే, ఆ అన్నం తిన్నవాళ్ల మెదడు దాకా పోతాయి. పాపకు అయింది అదే. మందులు రాస్తా, తగ్గుతుంది. కానీ పురుగున్న మనిషిని పట్టుకోకపోతే మళ్లీ వస్తుంది."

కన్యకమ్మకు అదంతా వేరే ఎవరింటి సంగతో చెబుతున్నట్టుంది. కూతురు పడిపోయిన రోజు నుంచి ఆమెకు ఏడుపు రాలేదు, ఆకలి కాలేదు. ఎవరేం చెప్పినా తల ఊపుతోంది.

"మీ వంటింట్లో చెయ్యి పెట్టేవాళ్లు ఎవరెవరు?" డాక్టరు అడిగింది.

"నేనే వండుతా. నాగక్క అని పనిమనిషి ఉండాది. కూరగాయలు కడిగి తరుగుతాది."

"మీరు బయట ఎక్కడైనా తింటారా?" అని వీరభద్రయ్యను అడిగింది.

"సరుకుకు బళ్లారి పోయినా సద్ది కట్టుకునే పోతా."

డాక్టరు బల్ల మీద నాలుగు చిన్న ప్లాస్టిక్ డబ్బీలు పెట్టింది. మలపరీక్షకు నలుగురూ ఇవ్వాలంది.

మరుసటి రోజు పొద్దున కన్యకమ్మ ఒక డబ్బీ నాగక్క చేతికిచ్చి, ఎందుకో చెప్పింది.

"నువ్వు పంది తింటావా నాగక్కా?"

"జాతరకు తింటామమ్మా. దాంట్లో దాపరికమేముండాది?"

ఆ రోజు నుంచి నాగక్కను వంటింట్లోకి రానివ్వలేదు. పెరట్లో కొళాయి దగ్గర గిన్నెలు తోమి, అక్కడే బోర్లించి పోయేది. ఎందుకని అడగలేదు.

శుక్రవారం వీరభద్రయ్య ఒక్కడే కర్నూలు పోయి రిపోర్టులు చూపించుకుని వచ్చాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో బస్టాండు నుంచి నడిచి వచ్చి, కాళ్లు కడుక్కుని, వరండాలో కూర్చుని భార్యను పిలిచాడు.

"నాగక్కకే ఉండాది. మన ముగ్గురికీ ఏం లేదు."

పెరట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నాగక్క చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, వరండా ఎక్కకుండా కిందే నిలబడింది.

"నాకు పురుగుండాదా సామీ?"

"ఉండాదంట. రేపటి నుంచి రావద్దులే."

నాగక్క చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. ఆ చేతులతోనే శ్రీవాసవికి పసిబిడ్డప్పుడు నీళ్లు పోసింది. కన్యకమ్మకు అది గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చినా లోపల ఏమీ కదల్లేదు.

"మా ఇంట్లో మనవరాలుండాదమ్మా," అంది నాగక్క. "దినామూ నేనే అన్నం పెడతా. దానికీ ఇట్లనే అయితాదా?"

కన్యకమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన స్తంభం వైపు చూస్తున్నాడు.

"పెద్దాసుపత్రిలో చూపించుకో పో," అన్నాడు.

"ఆమెకు మందేమన్నా రాసిచ్చినారా డాక్టరమ్మ?" కన్యకమ్మ అడిగింది.

"నేను చూసుకుంటాలే. నువ్వు లోపలికి పో."

నాగక్క సగం తోమిన గిన్నెలు పూర్తిగా తోమి, కడిగి, అప్పుడు పోయింది. తోమిన గిన్నెలన్నీ కన్యకమ్మ మళ్లీ వేడినీళ్లలో వేసి తోమింది. లోపల్నుంచి శ్రీవాసవి, "నాగక్క యాడికి పోయిందిమా?" అని అడిగితే, జవాబు చెప్పాలని కూడా ఆమెకు తోచలేదు.

నాలుగు రోజులు గడిచాయి. శ్రీవాసవికి మళ్లీ ఫిట్సు రాలేదు. మందుల మత్తుకు పిల్ల చెయ్యి ఎత్తి తినడానికి కూడా బద్ధకిస్తోంది. మంగళవారం మధ్యాహ్నం వీరభద్రయ్య అంగడి నుంచి వచ్చి, కంచంలో పప్పన్నం కలిపి, కూతురి పక్కన కూర్చుని ముద్దలు పెడుతున్నాడు. ఒక్క ముద్ద, ఇంకొక్కటి అని బతిమాలుతున్నాడు. పిల్ల నవ్వింది. రెండు వారాల తర్వాత కన్యకమ్మ ఆ నవ్వు చూసింది.

అప్పుడు ఫోను మోగింది. కన్యకమ్మ తీసింది.

"నేను డాక్టర్ ఏసుమణిని. పాపకెలా ఉందమ్మా?"

"బాగుండాది. అన్నం తింటాండాది."

"మంచిది. మీ ఆయన మాత్రలు వేసుకున్నారా?"

"ఏం మాత్రలు డాక్టరమ్మా?"

"శుక్రవారం ఇచ్చి పంపాను కదా. మింగేదాకా పాప తిండి ముట్టుకోవద్దని కూడా చెప్పానే."

"ఆయనకెందుకు? పురుగుండేది నాగక్కకు కదా?"

అవతల డాక్టరు కాగితాలు తిరగేసిన చప్పుడైంది. ఇవతల వీరభద్రయ్య మరో ముద్ద కలిపి, వేళ్లతో నున్నగా చేసి, కూతురి నోటి దగ్గర పెట్టాడు.

"నాగక్కకు ఏమీ లేదమ్మా. మీ నలుగురిలో పురుగుంది ఆయన ఒక్కరికే."