పెద్దాయన రేడియో

పక్క మార్చడానికి భుజం కింద చెయ్యి వేసిందో లేదో, పెద్దాయన కెవ్వుమన్నాడు.

ఆ రోజే పనిలో చేరిన ఆయా హడలిపోయింది. దుప్పటి కప్పేసి, బాల్కనీలోకి వెళ్లి తలుపు మూసుకుంది. అక్కకు ఫోన్ చేసి గుసగుసగా చెప్పింది.

"నా వల్ల కాదక్కా. ఆ మూలుగు వింటుంటే అమ్మ ఆఖరి రోజులే కళ్ల ముందుకొస్తున్నాయి. మానేస్తా."

"ఇంకొక్క రోజు చూడవే."

చూసింది. మర్నాడు వచ్చేసరికి ఇల్లు అదిరిపోతోంది. దిండు పక్కన రేడియో.

"కాస్త తగ్గించనా తాతగారూ?"

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఆఁ? ఏంటమ్మా?"

చెవుడు కూడానా! ఆమె తల పట్టుకుంది. ఆనాటి నుంచి గొంతు చించుకోవడమే.

"నొప్పుందా? మాత్ర వెయ్యనా?"

"నాకేం నొప్పి? గుండ్రాయిలా ఉన్నా."

నమ్మింది. నమ్మడం తనకూ హాయిగానే ఉంది.

పక్క మార్చే ముందు ఆయన చెయ్యి రేడియో మీదికి పోయేది. సౌండు ఇంకా పెరిగేది. పాటల పిచ్చి అనుకుంది. పక్క వాటావాళ్లు గోడ బాదినా ఆయన తగ్గించేవాడు కాదు.

ఆ ఇంటికి వచ్చే మనిషి ఆమె ఒక్కతే. సాయంత్రం చెప్పులు వేసుకుంటుంటే, "ఇంకొక్క పాట విని వెళ్లమ్మా" అనేవాడు. బస్సు పోతుందంటూ ఆమె వెళ్లిపోయేది.

ఒక ఉదయం వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పెద్దాయన పోయాడు.

కబురు తెలిసి వచ్చింది ఒక్కడే, ఆయనతో కలిసి ఉద్యోగం చేసిన పాత స్నేహితుడు.

"పాపం, చెవుడు కదండీ. రేడియో హోరెత్తించేవారు" అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ.

"చెవుడా? వాడికా?" స్నేహితుడు తెల్లబోయాడు. "నీళ్ల ఆఫీసులో వాడి పనే వినడం కదమ్మా! కడ్డీ ఒక కొన రోడ్డు మీద పెట్టి, రెండో కొన చెవికి ఆనించి, భూమిలో పైపు ఎక్కడ కారుతోందో చెప్పేవాడు. మొన్న ఫోన్లో కూడా, 'మీ ఇంట్లో కుళాయి కారుతోంది, ముందు కట్టెయ్యరా' అన్నాడు."

ఆమె గబగబా మంచం దగ్గరికి వెళ్లింది. సొరుగు లాగింది. నొప్పి మాత్రల అట్ట తెచ్చినది తెచ్చినట్టే ఉంది.

తలెత్తి బాల్కనీ తలుపు వైపు చూసింది. అది మంచం పక్కనే ఉంది.

"మానేస్తా" అన్న ఆ ఒక్క మాట విన్ననాటి నుంచి, రేడియో అడ్డం పెట్టుకుని, పెద్దాయన తన మూలుగు ఆమె చెవిన పడనివ్వలేదు.