కొలంబాను దాటిన గడప

పది ఆజ్ఞలూ అయ్యాయి. ప్రభువు ప్రార్థన అయ్యింది. సంగమ్మ ఎక్కడా తడబడలేదు. ఇక కథ ఒక్కటే మిగిలింది. అక్కడికి వచ్చేసరికి ఎప్పటిలాగే ఆమెకు నోరు పెగల్లేదు.

మొయినాబాదు ప్రార్థన మందిరంలో బాప్తిస్మం కోరేవాళ్లను పరీక్షించేది ఉపదేశి స్వామిదాసు. వాక్యాలు అప్పజెబితే చాలదు, పాతకాలపు మిషనరీ కథ ఒకటి సొంత మాటల్లో చెప్పాలన్నది ఆయన పెట్టిన పద్ధతి. ఎవరికైనా ఒకటే కథ. పదమూడు వందల ఏళ్ల కింద ఐర్లండులో కొలంబాను అనే యువకుడు దేవుని పనికి బయలుదేరాడు. వెళ్లొద్దని ఏడుస్తూ తల్లి గడపకు అడ్డంగా పడుకుంది. అతను ఆమెను దాటుకుని వెళ్లిపోయాడు, మళ్లీ ఇంటి ముఖం చూడలేదు. స్వామిదాసు ఆ కథ ఎంత ఇష్టంగా చెప్పేవాడంటే, వినేవాళ్లకు ఆ తల్లి మీద కోపం వచ్చేది.

సంగమ్మ ఈ కథ దగ్గరే రెండేళ్లుగా తప్పుతోంది. వచ్చే ఆదివారం బాప్తిస్మాలు ఇవ్వడానికి పట్నం నుంచి మిషను దొరగారు వస్తారు. మళ్లీ వచ్చేది ఏడాదికి. అప్పటికి తను ఉంటుందో లేదోనని ఆమె భయం. అరవై దాటిన మనిషి చేవెళ్ల నుంచి నడిచొస్తోంది, ఈసారికి పరీక్ష కాగితం మీద సంతకం పెట్టెయ్యమని సంఘపెద్ద శాంతయ్య నచ్చజెప్పి చూశాడు. స్వామిదాసు వినలేదు. తన దగ్గర మనిషికో న్యాయం ఉండదన్నాడు.

“బాప్తిస్మం ఎందుకవ్వా నీకు?” కాగితం మీది నుంచి తలెత్తకుండానే అడిగాడు.

“లేకుంటే రొట్టె పంచేటప్పుడు బయటికి పంపుతరు. నాకు మీ అందరితోటి కూసోని తినాలని ఉన్నది.”

“అయితే కథ చెప్పు.”

సంగమ్మ కొంగు వేలికి చుట్టుకుంది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది.

“కొడుకు దాటిపోయిండు. తల్లి మూడు దినాలు ఆడనే పండుకున్నది. నాలుగోనాడు లేసి బువ్వ వండుకున్నది. ఆకలి ఆగదు గద. ఏండ్లు గడిచినయి. ఇగ రాడని తెలిసినంక, కొడుకు చదివే ప్రార్థనలే తనూ నేర్చుకొని, ఆయనున్న కాడికి నడిచిపోయింది.”

“ఇది పుస్తకంల లేదవ్వా.”

“ఎట్ల ఉంటది? రాసినాయన కొడుకు ఎంబడి పోయిండు. ఇంటికాడ ఎవలున్నరు?”

శాంతయ్య నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు. స్వామిదాసు నవ్వలేదు. ఇన్నేళ్లలో ఆ కథను ఇంత తప్పుగా ఎవరూ చెప్పలేదు. అయినా కలం సిరాలో ముంచి ‘యోగ్యురాలు’ అని రాసి సంతకం పెట్టాడు.

మిగతా వివరాలు ఆమెను అడగకుండానే నింపాడు. పేరు సంగమ్మ, ఊరు చేవెళ్ల, భర్త కీర్తిశేషుడు ఈశ్వరయ్య.

కొడుకు అన్నచోట తన పేరు రాశాడు.