పనికిరాని కాలు

యుద్ధం మొదలైందని, రిజర్వు సిపాయిలంతా తిరిగి పల్టన్‌లో చేరాలని ఎల్లారెడ్డిలో లస్మయ్యకు తాఖీదు వచ్చింది.

భార్య పోశవ్వ ఏడవలేదు. అతని మోకాలికి పసుపు గుడ్డ గట్టిగా చుట్టింది. "జర్మనోడు మనకేం జేసిండు? డాక్టరు ముంగట కుంటు. కుంటోన్ని తోలుకపోరు."

కామారెడ్డిలో డాక్టరు నాలుగుసార్లు నడిపించి చూశాడు. నాలుగుసార్లూ లస్మయ్య కుంటుతూనే నడిచాడు. సిపాయిగా పనికిరాడని రాసి, పేరు కొట్టేశారు.

ఆ కాగితం తెచ్చి సంబరంగా పటేలుకు చూపించాడు. పటేలు రెండుసార్లు చదివాడు.

"అంటే ఇగ నువ్వు సర్కారు మనిషివి కాదు."

"కాదు పటేలా."

"ఇన్నొద్దులు సిపాయివని నిన్ను వెట్టికి పిలువలే. రేపు దొరసాని కామారెడ్డి పోతున్నరు. మేనా ముంగట నువ్వే పట్టాలె."

"కుంటోన్ని పటేలా! కాలు..."

"మేనా మోసేది భుజంతోని గదరా!"

మరునాడు లస్మయ్య మేనా ఎత్తుకున్నాడు. డాక్టరు ఎక్కడ ఎదురుపడతాడోనన్న భయంతో, కామారెడ్డి దాకా కుంటుతూనే మోశాడు.