బోరు బండి వచ్చిన రోజు

"అన్నా, ఆ బాయి కాడ మేకలు నేల మీద నిలుస్తలేవంట! గ్యాసు ఊరుతుంటే పైకి లేస్తున్నయంట. తాళ్లేసి గుంజలకు కట్టేసిండ్రట."

సూరత్‌లోని పర్వత్ పాటియాలో చాయ్ బండి దగ్గర మల్లేష్ ఈ మాట చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు. పరుశురాం అసలే నవ్వలేదు. గగన్‌వేల్ హీలియం కంపెనీలో షేర్లున్న మనిషి మేకల మీద నవ్వితే ఎలా?

"ఎన్ని మేకలు?" అని మాత్రం అడిగాడు.

"వాట్సాప్ గ్రూపుల ఇరవై అని పెట్టిండ్రు."

"ఇరవై లేస్తున్నయంటే గ్యాసు గట్టిగనే ఉన్నట్టు," అని తేల్చేశాడు పరుశురాం. సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి పద్దెనిమిదేళ్లుగా సాంచలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్న మనిషి. భూమి లోపలి చదువంతా ఈ ఏడాదే, ఈ చాయ్ బండి దగ్గరే పూర్తి చేశాడు.

కంపెనీ చిన్నది. బావి ఎక్కడో ఆఫ్రికా ఎడారిలో ఉంది. కంపెనీ దగ్గర ఇంతవరకు గ్యాసు లేదు గానీ, ముహూర్తాలకు కొదవలేదు. రిగ్గు ఓడెక్కడం ఒక ముహూర్తం, ఓడ దిగడం ఒకటి, తవ్వకం మొదలవడం మరొకటి. ఇక మిగిలింది ఆఖరుది, గ్యాసు పరీక్ష ఫలితం. ప్రతి ముహూర్తానికీ షేర్లు కొనేవాళ్లు పెళ్లివారిలా మేళతాళాలతో తరలి వచ్చేవారు, ధర లేచేది. పెళ్లికూతురు మాత్రం ఇంకా భూమిలోనే ఉంది.

పరుశురాం కోరిక ఒక్కటే. ఫలితం వచ్చిన రోజున షేర్లు అమ్మేసి నాలుగు పాత సాంచలు కొనాలి. ఇంకొకరి దగ్గర కూలికి పోకుండా తానే ఆసామి కావాలి. అందుకే పద్దెనిమిదేళ్ల కూడబెట్టు మొత్తం తీసుకుపోయి ఆ ఎడారిలో పోశాడు. ఇల్లాలి పేరు మీద కొంటే లక్ష్మి కదలదంటారు కాబట్టి ఖాతా భార్య వినోద పేరుతో, ఆమె ఫోన్‌లోనే తెరిపించాడు. మీటలు నొక్కి కొన్నది కూడా ఆమే. తన వేళ్లకు సాంచ గ్రీజు ఉంది మరి.

కొన్నాక ఒక్కసారైనా ఆ ఖాతాలోకి తొంగి చూడలేదు. "పొదిగే కోడిని లేపి చూస్తే గుడ్లు మురుగుతయ్," అనేవాడు. ధర మాత్రం తన ఫోన్‌లో గంటకోసారి చూసుకునేవాడు. అది కోడిని లేపడం కిందికి రాదట.

వినోదకు ఈ గ్యాసు ఒంటబట్టలేదు. నాలుగు నెలల కింద ఒక ఆదివారం డుమస్ బీచిలో టమాటా బజ్జీలు తింటుంటే, రిగ్గు ఓడ దిగిందని కబురొచ్చింది. పరుశురాం చేతిలో బజ్జీతోనే గంతేశాడు.

"రిగ్గంటే ఏంది? మన బోరు బండేనా?" అని అడిగింది వినోద.

"గసొంటిదే. జర పెద్దది."

"అట్లయితే రేపే అమ్మేద్దాం. మా నాయిన ఏడు బోర్లేసిండు. బోరు బండి వచ్చిన రోజే ఊరంత పండుగ. ఉత్త దుబ్బ లేసినంక మా నాయినొక్కడే మిగులుతుండె."

"నీళ్లకు, హీలియంకు పోలికనా? నీకేం ఎరుక? సప్పుడుజెయ్యక బజ్జీ తిను."

వినోద బజ్జీ తిన్నది. మళ్లీ ఎన్నడూ షేర్ల మాట ఎత్తలేదు. మొగుడి మాటంటే అంత గౌరవం!

మరుసటి నెలలో బ్రహ్మచారి అనే మేస్త్రి పిలిచి పరుశురాంకు జోల్వాలో పని ఇచ్చాడు. వినోద తల్లిగారి ఊరివాడే. ఎవరో కొత్త సేఠ్ నాలుగు పాత సాంచలు పెట్టాడట. ఆ సేఠ్ ముఖం పరుశురాం చూడనేలేదు గానీ, బుద్ధి మాత్రం వారం కిందే తెలిసింది. ఫోన్‌లో ధర చూస్తుండగా పోగులు తెగి మూరెడు బట్ట ఖరాబైంది. అంతమాత్రానికే పగారులో నూరు కోసేశారు.

"నూరా! నీ సేఠ్ చేతులు పడిపోను!" అని మేస్త్రి మీద లేచాడు.

"నన్నంటే ఏం లాభం బావా? సేఠ్ మాట," అని బ్రహ్మచారి ముఖం అటు తిప్పుకున్నాడు.

ఇంటికి వచ్చాక మళ్లీ మొదటి నుంచి తిట్టాడు. వినోద కూలికి తెచ్చిన చీరకు మెరుపు రాళ్లంటిస్తూ అన్ని తిట్లూ ఓపికగా విన్నది.

"పోనియ్. ఇయ్యాల ఎన్ని మీటర్లైనయ్?" అని అడిగింది.

మునుపెన్నడూ అడగని మనిషి, ఈ మధ్య రోజూ అడుగుతోంది. తన కష్టం మీద ఆమెకు ఎంత ధ్యాసో అని పరుశురాం మురిసిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఫలితం వచ్చింది. బావిలో హీలియం ఉన్నదట. అయితే, అమ్ముకోవడానికి చాలినంత లేదట. ఇంకో చోట ఇంకో ముహూర్తం చూస్తామని కంపెనీ సెలవిచ్చింది. పైకి పోవడం తప్ప మరో విద్య తెలియని గ్యాసును నమ్ముకున్న షేరు, బావిలో బండరాయిలా కిందికి పోయింది. చాయ్ బండి దగ్గర మల్లేష్ కనిపించలేదు. మేకలను దించడానికి వెళ్లి ఉంటాడు.

పరుశురాం ఇంటికి వచ్చి గడప మీద కూలబడ్డాడు.

"వినోదా, కొంప మునిగింది. పద్దెనిమిదేండ్ల కష్టం మట్టిల కలిసింది. ఇగ ఈ జన్మల నేను ఆసామినైతనా? ఆనాడు నీ మాట ఇంటే బాగుండు." భుజం మీది తువ్వాలతో కళ్లొత్తుకున్నాడు.

వినోద నీళ్ల చెంబు తెచ్చి ముందు పెట్టింది.

"షేర్లేడున్నయని పోయెటందుకు? డుమస్ పోయొచ్చిన తెల్లారే అమ్మిన."

పరుశురాం చెంబు ఎత్తబోయి ఆగిపోయాడు.

"అమ్మినవా? మరి పైసలేవి?"

"సాంచలు కొన్న. నాలుగు."

"సాంచలా! ఏడున్నయ్? ఎవడు నడుపుతుండు?"

వినోద మళ్లీ చీర ముందుకు లాక్కుని, ఒక రాయి తీసి అంటించింది.

"ఉన్నడొకడు. పనిమంతుడే గని, కన్నెప్పుడూ ఫోన్లనే ఉంటది."

ఇంకో రాయి తీసింది.

"అందుకే మొన్న నూరు కోసిన."