కారు కింద అట్టముక్క

మళ్ళీ కారు కింద అట్టముక్క.

దాని మీద జిడ్డు మరకలు. నాగమల్లేశ్వరి దాన్ని పుల్లతో బయటికి లాగి పారేసింది. ఎవరో ఏదో చేయిస్తున్నారు.

ఆ పాత ఇంగ్లీషు కారును కొడుకు హేమసుందర్ ముచ్చటపడి కొన్నాడు. ఈ సౌదీలో ఖతీఫ్ నుంచి జుబైల్ ఆఫీసుకు అందులోనే వెళ్ళొస్తాడు. తిరిగొచ్చేదాకా ఆమెకు ముద్ద దిగదు.

సాయంత్రం కళ్ళారా చూసింది. ఎదురు విల్లా ముసలి దొర బోర్లా పడుకుని, చక్రం వెనక చెయ్యి పెట్టాడు. ఈమెను చూసి లేచాడు. చక్రం వైపు వేలు చూపించి, ఇంగ్లీషులో ఏదో అన్నాడు. బెదిరిస్తున్నాడనుకుంది.

ఆయన హేమసుందర్ కోసం వచ్చి తలుపు కొడితే, లేడని గడియ పెట్టేసింది.

హేమసుందర్ నవ్వాడు. "ఆయనకి పాత కార్లంటే పిచ్చేమోనమ్మా."

"పిచ్చైతే తన కారు కింద దూరమను."

కారులో నిమ్మకాయ పెట్టింది. గేటు దగ్గరుండే నిజామాబాద్ ఖాజాకు ఫిర్యాదు చేసింది. అతడేదో చెప్పబోయాడు, విననే లేదు. దొరను ఇటు రానివ్వొద్దని విల్లాల యజమానిదాకా వెళ్ళింది.

అట్టముక్కలు ఆగిపోయాయి. ఆమెకు కాస్త నిద్ర పట్టింది.

శుక్రవారం హేమసుందర్ రియాద్‌లోని బతా బజారుకు బయల్దేరాడు. గేటు దగ్గరే బ్రేకు పడలేదు. కారు స్తంభానికి గుద్దుకుంది.

నుదుటి మీద బొప్పి తప్ప ఏం కాలేదు. అయినా ఆమె కొడుకు ఒళ్ళంతా తడిమి చూస్తూనే ఉంది. అదే హైవే మీదైతే?

మెకానిక్ ముజాహిద్ కారు కిందికి దూరి చూశాడు. బ్రేక్ ఆయిల్ ఎన్నాళ్ళనుంచో కారుతోందన్నాడు. చక్రం కింద ఓ అట్టముక్క వేసి చూసినా తెలిసిపోయేదన్నాడు.

నాగమల్లేశ్వరి ఎదురు విల్లా వైపు చూసింది. కిటికీలకు తెరలు లేవు.

"ఖాజా బాబూ, ఆ దొరను ఒక్కసారి పిలువు."

"ఇంకెక్కడి దొరమ్మా. నిన్ననే ఎగ్జిట్ వీసా కొట్టిచ్చుకొని తన దేశం పోయిండు."

"ఎవరాయన?"

"ఈ కార్లు చేసిన కంపెనీల ఆఖరు చెకింగు ఆయనదే. అమ్మకాలని పెద్దసార్లు, జీతాలని పనోళ్ళు కొట్లాడుకుంటుంటే, ఆయిల్ కారే బండ్లను ఎవ్వలూ పట్టించుకోలేదంట. జనం జపాన్ బండ్లకు మళ్ళిండ్రు. కంపెనీ మూతబడ్డది."

"మరి ఈయనేం చేశాడు?"

"కారే బండిని గేటు దాటనియ్యనన్నడంట. అందుకే ముందుగాల ఆయన్నే గేటు బయటికి పంపిండ్రంట."